ఒకటో డిస్కు

పార్క్‌లేన్‌లో మెట్లెక్కి, రెండో అంతస్తులో
ఫ్యాను కింద చెమటోడుస్తున్న లఖన్‌భాయ్ కొట్లో
నాలుగు డిస్కుల ఆట నూట ఎనభై.
నా దగ్గర డెబ్బై. ముజ్తబా దగ్గర నూట పది.
బస్సు సంగతి ఆలోచించకుండా కొనేశాం.
ట్యాంక్‌బండ్ మీదుగా కోఠీ దాకా కాళ్ళు మాట విన్నాయి,
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద వినడం మానేశాయి.
అట్టపెట్టె లేదు. పల్చటి ప్లాస్టిక్ కవరు,
దాని మీద నీలం స్కెచ్‌పెన్నుతో సీరియల్ నంబరు,
ఏడుకీ ఒకటికీ తేడా తెలియని లఖన్‌భాయ్ చేతిరాతలో.

ఆ రాత్రి మా ఇంట్లో ఇన్‌స్టాల్.
సీపీయూ ముందు మూలిగింది, తర్వాత మిక్సీలా అరిచింది.
"ఏం రుబ్బుతున్నర్రా ఈ ఏళప్పుడు?" వంటింట్లోంచి అమ్మ.
పదకొండు శాతం.
పదకొండు శాతం.
పన్నెండు.
రంజాన్ నెలలో సాయంత్రం గడియారాన్ని చూసినట్టు
ముజ్తబా ఆ పచ్చగీతను చూస్తున్నాడు.
మూడో డిస్కు డెబ్బై నాలుగు దగ్గర మొరాయించింది.
బనీనుతో తుడిచాం. నోటి ఆవిరి ఊది తుడిచాం.
చివరికి పళ్ళపేస్టు పెట్టి తోమాం, దానికీ పళ్ళున్నట్టు.
నడిచింది. ఎందుకు నడిచిందో ఇప్పటికీ తెలీదు.
తొంభై రెండు దగ్గర కరెంటు పోయింది.

ఆటకో షరతుంది:
ఆడినంతసేపూ ఒకటో డిస్కు లోపల ఉండాలి.
రెండిళ్ళు, రెండు కంప్యూటర్లు, ఒకటోది ఒక్కటే.
సోమ, మంగళ నాది. బుధ, గురు వాడిది.
శుక్రవారం వాడు నమాజుకి పోయొచ్చేదాకా నాది.
శని, ఆదివారాలకి చట్టం లేదు, కొట్టుకున్నాం.
మూసారాంబాగ్ నుంచి సైదాబాద్‌కి సైకిల్ మీద
చొక్కా లోపల, ఉర్దూ పేపరు మడతలో,
కడుపుకి చల్లగా తగులుతూ తిరిగింది.
దాని మీది గీతల్లో ఒకటి కచ్చితంగా
నేను డ్రైనేజీ మూత మీద జారి పడ్డప్పటిది.
వాడికి చెప్పలేదు.

రోడ్డు వెడల్పులో వాళ్ళ ముందుగది పోయింది.
అది బుధవారమో, గురువారమో.
సామాన్ల లారీ టోలిచౌకికి పోయింది,
డిస్కుతో సహా.
టోలిచౌకి ఎంత దూరమని? పదమూడు కిలోమీటర్లు.
అంత దగ్గర కాబట్టే
రేపు పోదాం అనుకున్నా.
ఇరవై ఏళ్ళు అనుకున్నా.

ఇప్పుడు నిజాంపేటలో, ఏడో అంతస్తులో,
అదే ఆట తొంభై తొమ్మిది రూపాయలకి కనబడింది.
వేలు ఆనించాను. తొమ్మిది నిమిషాలు.
చప్పుడు లేదు, గీత లేదు,
రెండోది పెట్టు, మూడోది పెట్టు అని అడిగే నోరే లేదు.
నిజం చెప్పాలి, హాయిగా ఉంది.
ఆ రోజులే రోజులని ఎవరైనా అంటే నమ్మకండి,
సగం రాత్రులు మేం ఆట ఆడలేదు,
ఎర్రర్ మెసేజీ చదువుకున్నాం.

కాకపోతే,
నేను కొన్నది ఆట కాదట, ఆడుకునే అనుమతట.
కింద సన్నక్షరాల్లో రాసుంది.
అనుమతిని చొక్కాలో దోపుకుని సైకిలెక్కలేం.
దాని కోసం ఎవడూ వచ్చి కాలింగ్‌బెల్లు కొట్టడు.

మేనకోడలు హరిణి డ్రాయరు లాగి
ఆ పాత కవరు బయటికి తీసింది.
డిస్కులో మొహం చూసుకుని, ఊగుతున్న పన్ను చూసుకుని
వరసగా నేల మీద పేర్చింది: రెండు, మూడు, నాలుగు.
"ఒకటేది మామా?"
"టోలిచౌకిలో."

ఉందని ఏం నమ్మకం?
పారేసుంటాడు. లేదా అందరిలాగే
పావురాలు రాకుండా బాల్కనీలో దారం కట్టి వేలాడదీసుంటాడు.
మొన్న పనిమీద అటు పోయినప్పుడు
బండి నెమ్మది చేసి, తల పైకెత్తి చూస్తూ పోయాను.
వెనక ఆటోవాడు తిట్టాడు.
చాలా బాల్కనీల్లో మెరుస్తున్నాయి.
ఏది ఒకటోదో
కింద నుంచి కనబడదు.